కుమాసి చూడబోతున్నారా? పదే పదే వచ్చే సందేహాలకు జవాబులు

ఘానాలో ఉద్యోగమో వ్యాపారమో చేసుకుంటున్న బంధువుల దగ్గరికి వెళ్తూ "కుమాసి కూడా చూసొద్దామా?" అని అడిగేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. అడిగే ప్రశ్నలు మాత్రం అవే. అందుకే అన్నీ ఒకచోట పెట్టాను. ఏ జవాబుకు ఆ జవాబే పూర్తిగా ఉంటుంది, మీకు కావాల్సినది మాత్రమే చదువుకోవచ్చు.

## వెళ్లాలా వద్దా అనుకునేటప్పుడు

ఘానా రాజధాని అక్రా చూస్తే సరిపోదా? కుమాసిలో ప్రత్యేకంగా ఏముంది?

రాజు ఉన్నాడు. మాటవరసకు కాదు, నిజంగానే. 1701లో దెంకిరా రాజ్యాన్ని ఓడించి ఒసెయ్ టుటు నిలబెట్టిన అసాంతే రాజ్యానికి కుమాసి రాజధాని. ఆ పరంపరలో పదహారో రాజు ఒటుమ్‌ఫువో ఒసెయ్ టుటు II 1999 నుంచి గద్దె మీద ఉన్నారు. అధ్యక్షుడు, పార్లమెంటు ఉండేది అక్రాలో. కానీ భూమి తగాదా వచ్చినా, ఒక ఊరికి పెద్ద ఎవరన్న పేచీ వచ్చినా ఇక్కడి జనం చూసేది రాజు ఉండే మన్‌హియా ప్యాలెస్ వైపే. రాజులు పోయాక మిగిలిన కోటలు చూడటం మనకు అలవాటు. కొలువు తీరే రాజును చూడాలంటే మాత్రం ఇలాంటి ఊరికే రావాలి. బంగారం, మగ్గం, చెక్కపని, డప్పులు అన్నీ ఆ కొలువు చుట్టూ పెరిగినవే.

ఎన్ని రోజులు పెట్టుకోవాలి?

కనీసం మూడు రోజులు. ఒకరోజు ఊళ్లోకి, ఒకరోజు చేతిపని గ్రామాలకు, ఒకరోజు సరస్సుకు. అక్రా నుంచి పొద్దున వచ్చి సాయంత్రం వెళ్లిపోయే ప్యాకేజీలు కొన్ని కనిపిస్తాయి. వాటికి డబ్బు పోయకండి, రోజంతా రోడ్డు మీదే గడిచిపోతుంది.

ఏ నెలలో వెళ్తే బాగుంటుంది?

డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా వానలుండవు. అయితే సహారా నుంచి హర్మటాన్ గాలి వీస్తుంది. ఆకాశం బూడిద రంగుకు తిరుగుతుంది, పెదాలు పగులుతాయి, ఆస్తమా ఉన్నవాళ్లకు ఇబ్బంది. ఏప్రిల్ నుంచి జూలై దాకా పెద్ద వానలు, సెప్టెంబరు, అక్టోబరుల్లో మళ్లీ కొంత. మన ఎండలు చూసినవాళ్లకు అక్కడి వేడి లెక్కలోది కాదు, ఉక్కపోతే ఎక్కువ. నన్నడిగితే నెల చూసి కాదు, అక్వాసిదె పండుగ తేదీ చూసి టికెట్ కొనండి.

అక్వాసిదె అంటే ఏమిటి? దాని తేదీ ఎలా తెలుసుకోవాలి?

అసాంతే పంచాంగంలో 42 రోజులు ఒక చక్రం. ప్రతి చక్రంలో ఒక ఆదివారం అక్వాసిదె వస్తుంది, అంటే ఆరు వారాలకొకసారి. పూర్వ రాజులను తలచుకునే రోజది. పూర్వీకులకు చేసే తంతు లోపల, బయటివాళ్ల కంట పడకుండా జరుగుతుంది. ఆ తర్వాత మన్‌హియా ప్యాలెస్ ఆవరణలో రాజు కొలువు తీరతారు. దీనికి ఎవరైనా వెళ్లవచ్చు.

తొందరపడే మనసుంటే ఈ పండుగ నచ్చదు. పొద్దున్నుంచి గుంపులు గుంపులుగా ఊరిపెద్దలు వస్తూ ఉంటారు. ఒక్కో పెద్దకు ఒక్కో గొడుగు, గొడుగు పట్టే మనిషి, వెనకాల డప్పులు. ఆ గొడుగులను ఊరికే పట్టుకోరు, తాళానికి తగ్గట్టు పైకీ కిందికీ ఎగరేస్తుంటారు. ఫాంటమ్‌ఫ్రామ్ అనే నిలువెత్తు డప్పులు మోగుతుంటే పక్కనున్నవాడి మాట వినపడదు. ఏనుగు దంతపు కొమ్ముబూరలు ఊదుతారు. బంగారు పిడులున్న కత్తులు పట్టుకుని యువకులు కూర్చుంటారు. రాజుకు నమస్కరించడానికి వెళ్లే పెద్దలు చెప్పులు విడిచి, భుజం మీది బట్టను కిందికి జార్చి వెళ్తారు. రాజుతో ఎవరూ నేరుగా మాట్లాడరు. బంగారు తొడుగున్న చేతికర్ర పట్టుకున్న ఒకియామె అనే వాక్కుదారు ద్వారానే మాట అటూ ఇటూ వెళ్తుంది.

ఏడాది తేదీలు ముందే తెలుస్తాయి. హోటల్‌వాళ్లను అడిగినా, మన్‌హియా ప్యాలెస్ మ్యూజియంలో అడిగినా చెబుతారు. ఆ ఆదివారం ముందూ వెనకా గదులు త్వరగా నిండిపోతాయి.

## ఇంటి దగ్గర చేసుకోవాల్సిన ఏర్పాట్లు

వీసా ఎలా?

భారత పాస్‌పోర్టుకు వీసా కావాలి. ఢిల్లీలోని ఘానా హైకమిషన్ ఇస్తుంది. నిబంధనలు మారుతూ ఉంటాయి కాబట్టి ఏజెంటు మాట కాకుండా హైకమిషన్ చెప్పిందే ప్రమాణం. విమాన టికెట్‌కు డబ్బు కట్టకముందే చూసుకోండి.

ఎల్లో ఫీవర్ టీకా తప్పనిసరా? తప్పించుకునే మార్గం లేదా?

తప్పనిసరి, తప్పించుకోకూడదు కూడా. పసుపు రంగు సర్టిఫికెట్ లేకపోతే అక్రా విమానాశ్రయంలోనే ఆపుతారు. అంతకన్నా పెద్ద టెన్షన్ తిరిగొచ్చేటప్పుడు: ఘానా నుంచి సర్టిఫికెట్ లేకుండా వచ్చినవాళ్లను మన దేశంలో ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో ఉంచుతారు.

ఈ టీకా ప్రైవేటు క్లినిక్‌లన్నిటిలో వేయరు, ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లోనే వేస్తారు. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ అలాంటిది. ఏ రోజుల్లో వేస్తారో ముందు కనుక్కుని, పాస్‌పోర్టు తీసుకుని వెళ్లండి. వేయించుకున్న 10 రోజుల తర్వాతే సర్టిఫికెట్ చెల్లుతుంది. ప్రయాణం వారంలో ఉందనగా పరుగెత్తేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. ఒకసారి వేయించుకుంటే జీవితాంతం చెల్లుతుంది. అరవై దాటినవాళ్లు, గుడ్డు పడనివాళ్లు, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడేవాళ్లు, గర్భిణులు డాక్టరుతో మాట్లాడాకే ముందుకు వెళ్లాలి.

మలేరియా మాత్రలు నిజంగా వేసుకోవాలా? మనకు దోమలు కొత్తేం కాదుగా?

వేసుకోవాలి. అక్కడ ఎక్కువగా ఉండేది ఫాల్సిపారం రకం, మెదడుకు ఎక్కి ప్రాణం తీసే రకం. మన ఊరి దోమలు కుట్టి కుట్టి ఒళ్లు అలవాటు పడిందనుకోవడం ఒట్టి భ్రమ. డాక్సీసైక్లిన్, అటోవాక్వోన్-ప్రోగ్వానిల్ వంటి మందుల్లో మీకు ఏది సరిపడుతుందో డాక్టరు రాస్తారు. తిరిగొచ్చాక కూడా చెప్పినన్ని రోజులు వేసుకోవాలి, చాలామంది ఇల్లు చేరగానే మానేస్తారు. సాయంత్రం పూట పొడుగు చేతుల చొక్కా, దోమల క్రీము మరవకండి.

హైదరాబాద్ నుంచి ఎలా వెళ్లాలి?

నేరుగా విమానం లేదు. దుబాయ్ మీదుగా అక్రా చేరడం తేలిక. అక్రా నుంచి కుమాసికి రోడ్డు మీద సుమారు 250 కిలోమీటర్లు, ట్రాఫిక్‌ను బట్టి ఐదారు గంటలు. ఏసీ బస్సులు దొరుకుతాయి, బాగానే ఉంటాయి. కాకపోతే బస్సులో టీవీ పెద్ద సౌండుతో పెడతారు, మధ్యలో మందులమ్మేవాడో పాస్టరో లేచి ప్రసంగం మొదలుపెట్టవచ్చు. దేశీయ విమానమైతే ముప్పావు గంట. రాత్రిపూట రోడ్డు ప్రయాణం మాత్రం వద్దు. దీపాల్లేని లారీలు, గుంతలు, ఓవర్‌టేక్‌లు మనవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

డబ్బు ఎలా తీసుకెళ్లాలి? యూపీఐ పనిచేస్తుందా?

యూపీఐ మీద ఆశ పెట్టుకోకండి. అక్కడి కరెన్సీ సీడీ, అందులో నూరో వంతు పెసెవా. డాలర్లు కొత్త నోట్లు తీసుకెళ్లి బ్యాంకులోనో లైసెన్సున్న దుకాణంలోనో మార్చుకోండి. వీసా కార్డుతో ఏటీఎంలో సీడీలు వస్తాయి. అక్కడి జనం మొబైల్ మనీతో బతుకుతారు, అరటిపండ్లమ్మే ఆవిడ కూడా ఫోన్‌లోనే తీసుకుంటుంది. పాస్‌పోర్టు చూపించి స్థానిక సిమ్ కొంటే మీరూ దాన్ని వాడుకోవచ్చు.

సామాన్లలో మరిచిపోకూడనివి ఏమిటి?

బ్రిటిష్ తరహా చదరపు మూడు పిన్నుల అడాప్టర్, ఓఆర్‌ఎస్ పొట్లాలు, గొడుగు. తీసుకెళ్లకూడనిది ఒకటుంది: మిలిటరీ మచ్చల డిజైన్ బట్టలు. ఘానాలో పౌరులు వాటిని వేసుకోవడం నేరం. పిల్లల ప్యాంట్లు కూడా ఒకసారి చూసుకోండి.

## ఊళ్లో దిగాక

ఊళ్లో తిరగడానికి ఏం ఎక్కాలి?

ఉబర్, బోల్ట్ రెండూ ఉన్నాయి. చవగ్గా తిరగాలంటే ట్రోట్రో, అంటే షేర్ మినీ వ్యాను. దాని కండక్టరును మేట్ అంటారు. తలుపులోంచి వేలాడుతూ ఊరి పేరు అరుస్తుంటాడు. మన షేర్ ఆటో ఎక్కినవాళ్లకు కొత్తేమీ కాదు. బండి నిండేదాకా కదలదు, అంతే.

కెజెటియా మార్కెట్‌కు వెళ్తే తప్పిపోతామంటారు, నిజమేనా?

నిజమే. పశ్చిమ ఆఫ్రికాలో అతి పెద్ద మార్కెట్లలో అదొకటి. పాత మార్కెట్‌లో కొంత భాగాన్ని పడగొట్టి కొత్త భవనాలు కట్టారు. అక్కడ వరుసలు, నంబర్లు ఉంటాయి. చుట్టుపక్కల సందుల్లో అవేమీ ఉండవు. తప్పిపోవడం ప్రమాదమేమీ కాదు, ఎవరినడిగినా దారి చూపిస్తారు. ఫోన్ మాత్రం ముందు జేబులో పెట్టుకోండి.

చూడాల్సింది సరుకులకన్నా ఆ వ్యాపారం నడిచే తీరు. అమ్మేవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ. టమాటాకు ఒక పెద్దమ్మ, కందగడ్డకు ఒక పెద్దమ్మ, ఇలా ఒక్కో సరుకుకూ ఒక నాయకురాలు ఉంటుంది. సరుకు ఎలా దిగాలి, తగాదా వస్తే ఎలా తీర్చాలి అన్నది ఆమె మాట మీద నడుస్తుంది. తల మీద పెద్ద పెద్ద అల్యూమినియం బేసిన్లతో సందుల్లో పరుగెత్తే అమ్మాయిలు కయాయే, ఉత్తర ఘానా నుంచి కూలికి వచ్చినవాళ్లు. వెనక నుంచి అరుపు వినిపిస్తే పక్కకు జరగండి, ఆ బరువుతో వాళ్లు ఆగలేరు. వాళ్ల ఫొటోలు తీయకండి.

మన్‌హియా ప్యాలెస్ మ్యూజియంలో చూడటానికి ఏముంది?

ఇల్లు చిన్నదే. దాని వెనకున్న కథ పెద్దది. 1896లో బ్రిటిష్‌వాళ్లు ప్రెంపె I రాజును పట్టుకుని, చివరికి హిందూ మహాసముద్రంలోని సీషెల్స్ దీవులకు పంపేశారు. 1924లో తిరిగి రానిచ్చారు. ఆయన ఉండటానికి బ్రిటిష్ ప్రభుత్వం 1925లో ఈ ఇల్లు కట్టించింది. అసాంతేలు ఊరికే తీసుకోలేదు, కట్టిన ఖర్చు చెల్లించాకే రాజు అందులో అడుగుపెట్టారు. 1995 నుంచి ఇది మ్యూజియం. రాజుల, రాజమాతల నిలువెత్తు బొమ్మలు, వాళ్లు వాడిన సామాన్లు ఉంటాయి. గైడు వెంట ఉండి చూపిస్తారు, లోపల ఫొటోలకు ఒప్పుకోరు.

1874 యుద్ధంలో బ్రిటిష్ సైన్యం కుమాసిని తగలబెట్టి, రాజభవనాన్ని పేల్చి, బంగారాన్ని ఎత్తుకుపోయింది. దాని నూటయాభై ఏళ్ల సందర్భంగా 2024లో బ్రిటిష్ మ్యూజియం, విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం కలిసి 32 వస్తువులను ఇక్కడికి పంపాయి, అదీ మూడేళ్ల అప్పుగా! దోచుకున్నవాడు అసలు సొంతదారుకు అప్పివ్వడమేమిటని అక్కడి జనం నవ్వుకుంటారు, కోపం కూడా ఉంది. లాస్ ఏంజెలెస్‌లోని ఫౌలర్ మ్యూజియం అదే ఏడాది తన దగ్గరున్న ఏడు వస్తువులను పూర్తిగా తిరిగి ఇచ్చేసింది.

బంగారు పీటను చూడొచ్చా?

చూడలేరు. అది రాజు కూర్చునే ఆసనం కాదు, అసాంతే జాతి ప్రాణం అందులో ఉందని నమ్మకం. రాజు కూడా దాని మీద కూర్చోరు. అది ఎక్కడుందో బయటికి చెప్పరు. 1900లో బ్రిటిష్ గవర్నరు హాడ్జ్‌సన్ కుమాసికి వచ్చి, విక్టోరియా రాణి తరఫున తాను కూర్చోవడానికి ఆ పీట తెమ్మన్నాడు. ఎజిసు రాజమాత యా అసాంతెవా నాయకత్వంలో యుద్ధం లేచింది. బ్రిటిష్‌వాళ్లు కుమాసి కోటలో ముట్టడిలో చిక్కుకున్నారు. యుద్ధంలో అసాంతేలు ఓడిపోయారు, ఆమెను సీషెల్స్‌కు పంపితే 1921లో అక్కడే కన్నుమూసింది. పీట మాత్రం బ్రిటిష్‌వాళ్ల చేతికి చిక్కలేదు. ఆ కోట ఇప్పుడు సైనిక మ్యూజియం. ఈ కథ తెలిసి వెళ్తే గంట సేపు బాగుంటుంది, తెలియకుండా వెళ్తే పాత తుపాకులే కనిపిస్తాయి.

ఆసుపత్రిలో కత్తి ఉందంటారు, అదేమిటి?

కొంఫో అనొక్యె బోధనాసుపత్రి ఆవరణలో, ఒక చిన్న గుండ్రటి కట్టడంలో, నేలలో దిగిన కత్తి పిడి కనిపిస్తుంది. బంగారు పీటను ఆకాశం నుంచి దించాడని చెప్పే అనొక్యె అనే పూజారి దాన్ని అక్కడ గుచ్చాడని, ఎవరైనా పెకలిస్తే రాజ్యం చెదిరిపోతుందని ప్రతీతి. పది నిమిషాల పని. చుట్టూ రోగులు, వాళ్ల బంధువులు ఉంటారు కాబట్టి నిశ్శబ్దంగా చూసి వచ్చేయండి.

## ఊరి చుట్టుపక్కల

కెంటె అనే అసాంతే చేనేత బట్ట ఎక్కడ కొనాలి? అసలుదో కాదో ఎలా తెలుస్తుంది?

కుమాసికి ఈశాన్యంగా సుమారు 18 కిలోమీటర్ల దూరంలో ఉన్న బొన్‌విరె గ్రామంలో. మార్కెట్లో కొనకండి. కెంటె నేతను 2024లో యునెస్కో వారసత్వ కళల జాబితాలో చేర్చారు.

పోచంపల్లి, మంగళగిరి మగ్గాలు చూసినవాళ్లు ఇక్కడ కాసేపు నిలబడిపోతారు. పడుగును నేత మనిషికి ఎదురుగా మీటర్ల దూరం సాగదీసి, చివర ఒక చెక్కకు కట్టి, దాని మీద రాయి బరువు పెడతారు. నేత సాగేకొద్దీ ఆ రాయి నేల మీద జరుగుతూ నేత మనిషి వైపు వస్తుంది. కాలి వేళ్ల సందులో తాళ్లు పట్టుకుని పడుగును ఎత్తుతూ దించుతూ, నాడెను అటూ ఇటూ విసురుతాడు. నేసేవాళ్లు సంప్రదాయంగా మగవాళ్లే. వచ్చేది నాలుగంగుళాల వెడల్పు పట్టీ మాత్రమే. ఇరవై పైచిలుకు పట్టీలు పక్కపక్కన కుడితే మగవాళ్లు భుజం మీదుగా చుట్టుకునే నిండు బట్ట తయారవుతుంది.

బట్టను తిరగేసి చూడండి. నేసినదైతే వెనకవైపు కూడా రంగు అంతే నిండుగా ఉంటుంది, ప్రతి నాలుగంగుళాలకూ కుట్టు తగులుతుంది. వెనక వెలవెలబోతే అది అచ్చు వేసిన గుడ్డ. బేరం ఆడొచ్చు. కానీ మగ్గం మీదున్న మనిషి రోజుల కష్టాన్ని చూశాక సగానికి సగం అడగడానికి నోరు రాదు. నిండు బట్టకు డబ్బు చాలకపోతే ఒక్క పట్టీ కొనుక్కోండి.

అదే దారిలో ఇంకేమైనా చూడొచ్చా?

ఒక రోజుకు కారు మాట్లాడుకుంటే మాంపాంగ్ రోడ్డు మీద అహ్వియా, న్‌టొన్సో గ్రామాలు కూడా కలుస్తాయి. అహ్వియాలో ఒకే దుంగను తొలిచి పీటలు చేస్తారు. న్‌టొన్సోలో చెట్టు బెరడును తారులా చిక్కబడేదాకా కాచి, సొరబుర్ర ముక్క మీద చెక్కిన గుర్తులను అందులో ముంచి బట్ట మీద అద్దుతారు. వాటిని ఆడింక్రా గుర్తులంటారు. డబ్బిస్తే మీ చేత కూడా ఒక గుడ్డ మీద వేయిస్తారు, పిల్లలుంటే ఇక్కడే ఎక్కువ సేపు గడుస్తుంది.

బొసొమ్‌ట్వె సరస్సు చూడాల్సినంత ఉందా?

ఉంది. సుమారు పది లక్షల ఏళ్ల కింద ఉల్క పడి ఏర్పడిన గొయ్యి అది. కొండల వలయం మధ్య ఎనిమిది కిలోమీటర్ల వెడల్పున నీళ్లు. కుమాసి నుంచి 30 కిలోమీటర్లు. అసాంతేలకు పవిత్ర స్థలం. లోహం నీళ్లను తాకకూడదన్న పాత కట్టుబాటు వల్ల జాలరులు పలకలాంటి దుంగ మీద పడుకుని చేతులతో తెడ్డు వేసుకుంటూ వెళ్తారు. ఆదివారం అబొనొ ఒడ్డున డీజే పాటలు, గుర్రపు స్వారీ బేరగాళ్లు. మామూలు రోజుల్లో వెళ్లండి.

## తిండి

శాకాహారులు బతకగలరా?

బతకొచ్చు, కాస్త జాగ్రత్తగా. చిక్కు మాంసంతో కాదు, కనిపించని చేపతో. చూడటానికి ఆకుకూరలా ఉన్నదాంట్లో ఎండుచేప పొడి ఉంటుంది. షిటో అనే నల్లటి కారంలో ఎండు రొయ్యలు ఉంటాయి, మన ఎండుమిర్చి పచ్చడనుకుని వేసుకోకండి. "మాంసం వద్దు" అంటే చేప వేసి ఇస్తారు. అందుకే మాంసం, చేప, రొయ్య, గుడ్డు అని ఒక్కొక్కటీ పేరు పెట్టి వద్దనండి. అల్లం, మిరపకారం పట్టించి వేయించిన పండు అరటి ముక్కలు కెలెవెలె, ఉడికించిన కంద, వేరుశనక్కాయలు, బొప్పాయి, అనాస నిశ్చింతగా తినొచ్చు. నూనె, గుడ్డు పట్టింపు ఉంటే వీధి బండి దగ్గర అడిగి తెలుసుకోండి.

ఫుఫు ఎలా తినాలి?

కుడిచేత్తో, నమలకుండా. ఉడికించిన కర్రపెండలం, పచ్చి అరటిని రోట్లో వేసి పొడుగాటి రోకలితో దంచుతారు. ఒకరు దంచుతుంటే ఇంకొకరు దెబ్బకూ దెబ్బకూ మధ్య చేయి పెట్టి ముద్దను తిప్పుతుంటారు, చూస్తుంటే గుండె జారుతుంది. రాగిసంగటి తినే రాయలసీమవాళ్లకు పద్ధతి వెంటనే పట్టుబడుతుంది: కొంచెం తుంచి, పులుసులో ముంచి, గుటుక్కున మింగడమే. పల్లీల పులుసుతో తింటే మనవాళ్లకు తొందరగా నచ్చుతుంది, అయితే దాన్ని మామూలుగా కోడి మాంసంతో వండుతారు.

నీళ్లు?

కుళాయి నీళ్లు తాగకండి. సీలు తీయని బాటిల్ కొనుక్కోండి. అరలీటరు ప్లాస్టిక్ పొట్లాల్లో అమ్మే నీళ్లే స్థానికులందరూ తాగుతారు, కడుపు సున్నితమైతే బాటిలే మేలు.

## మర్యాదలు

శనివారం ఊళ్లో చాలామంది ఎరుపు, నలుపు బట్టల్లో కనిపిస్తారెందుకు?

అంత్యక్రియలకు వెళ్తున్నారు. అసాంతేలకు చావు చిన్న విషయం కాదు. పందిళ్లు, కుర్చీలు, మైకులు, నృత్యాలు, చందాల ప్రకటనలు అన్నీ ఉంటాయి. పండు వయసులో పోయినవాళ్లకు తెల్లబట్టలు కూడా కడతారు. తెలిసినవాళ్లు పిలిస్తే నిరభ్యంతరంగా వెళ్లండి. ముదురు రంగు బట్టలు వేసుకుని, వరసగా కూర్చున్నవాళ్లందరికీ కుడివైపు నుంచి చేయి కలుపుకుంటూ వెళ్లి, కొంత డబ్బు చదివించి కూర్చోవాలి. కెమెరా తీసేముందు ఇంటివాళ్లను అడగండి.

పలకరింపుల్లో తప్పులు పోకుండా ఏం చేయాలి?

ఎడమచేత్తో ఏదీ ఇవ్వకండి, తీసుకోకండి, చేయి ఊపకండి. ఈ పట్టింపు మనకూ ఉన్నదే. దారి అడిగేముందు పలకరించాలి. నేరుగా "ఫలానా చోటు ఎక్కడ?" అని మొదలుపెడితే మొరటుతనం అనుకుంటారు. ఇంగ్లిష్ అందరికీ సరిపోతుంది, ట్వి భాషలో "మెదాసె" అని థాంక్స్ చెబితే ముఖాలు విప్పారతాయి. మీరు ఏ వారం పుట్టారో అడుగుతారు, ముందే చూసుకుని వెళ్లండి. వారాన్ని బట్టి పేరు పెట్టడం అక్కడి ఆచారం. కుమాసిలో 1938లో ఒక శుక్రవారం పుట్టిన ఐక్యరాజ్య సమితి మాజీ ప్రధాన కార్యదర్శి కోఫీ అన్నాన్‌కు కోఫీ అన్న పేరు అలా వచ్చిందే.

## తిరుగు ప్రయాణం

బంగారం చవగ్గా దొరుకుతుందట, కొనొచ్చా?

మనవాళ్ల మొదటి ప్రశ్నల్లో ఇదొకటి! వద్దు. హోటల్ లాబీలోనో వాట్సాప్‌లోనో "గనిలోంచి నేరుగా" అంటూ వచ్చేవాడు మోసగాడు. ముడి బంగారం దేశం దాటించడానికి లైసెన్సులు కావాలి, పట్టుబడితే మీరే ఇరుక్కుంటారు. కెంటె, చెక్క పీట, షియా వెన్న, ఘానా కోకోతో అక్కడే తయారయ్యే గోల్డెన్ ట్రీ చాక్లెట్లు తెచ్చుకోండి. పాతకాలం వస్తువులా కనిపించే చెక్క బొమ్మ కొంటే, అది పురావస్తువు కాదని మ్యూజియం శాఖ ఇచ్చే కాగితం ఉండాలి. అమ్మినవాళ్లనే అడిగితే ఎక్కడ తీసుకోవాలో చెబుతారు.

వచ్చాక జ్వరం వస్తే?

వైరల్ అనుకుని డోలో వేసుకుని పడుకోకండి. తిరిగొచ్చి నెల, రెండు నెలలైనా సరే, జ్వరం వస్తే అదే రోజు రక్తపరీక్ష చేయించి, "నేను ఘానా వెళ్లొచ్చాను" అన్న మాట డాక్టరుతో ముందుగా చెప్పండి. ఆ ఒక్క మాట చెప్పకపోతే డెంగీ, టైఫాయిడ్ పరీక్షల చుట్టూ తిరిగి విలువైన రోజులు పోతాయి.